ఒకే పెట్టెలో రెండు కార్డులు

కంప్యూటరు ఉన్న ఇళ్ళలో నాలుగైదేళ్ళకొకమారు ఒక చిన్న తగవు వస్తున్నది. పిల్లలు పోరి పోరి కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనిపించుకొంటారు. అది బిగించగానే పాత కార్డు చేతిలో మిగులుతుంది. పాతదే గాని చెడిపోయినది కాదు. నిన్నటి దాకా పని చేసినదే. అమ్మబోతే బజారులో చెప్పే వెల విని ప్రాణం ఒప్పదు. ఇంతలో మదర్‌బోర్డు మీద మరొక పొడుగాటి స్లాటు ఖాళీగా కనిపిస్తుంది. దీనిని కూడా అక్కడే బిగిస్తే రెండింటి బలమూ కలిసిరాదా అన్న ఆలోచన ఆ ఖాళీ స్లాటును చూచిన ప్రతివారికీ పుట్టేదే.

ఈ మధ్య మన సభ్యులు కొందరు ఈ సంగతే మమ్మల్ని అడుగుతున్నారు. చెన్నపట్నం వారికి రిచీ వీధి, బొంబాయి వారికి లామింగ్టన్ రోడ్డు ఎట్లాంటివో బెంగుళూరు వారికి ఎస్.పి. రోడ్డు అట్లాంటిది. అక్కడి దుకాణాలలో పాత కార్డులు చవుకగా దొరుకుతున్నవని విని, ఉన్న కార్డుకు తోడుగా ఇంకొకటి కొనడానికి సిద్ధపడినవారు కూడా ఉన్నారు. డబ్బు బయట పెట్టకముందే ఈ నాలుగు మాటలూ చదవవలసినదని వారికి మా మనవి.

అసలు మాట ముందే చెప్పివేస్తాము. పొంతన లేని రెండు కార్డులను ఒకే పనికి పూన్చితే లాభం బహు తక్కువ; ఒక్కొక్కప్పుడు నష్టం కూడాను. చెరొక పనీ అప్పగిస్తే మాత్రం పాతది నిజంగా అక్కరకు వస్తుంది.

ఎందుకో చెబుతాము. ఒకే రోటి దగ్గర ఇద్దరు నిలబడి జోడు రోకళ్ళతో దంచడం మనలో పెద్దవారు చూచే ఉంటారు. ఒకరి రోకలి లేచేసరికి రెండవవారిది పడవలె. ఇద్దరి చేతి వేగమూ ఒకటైతే దంపు చకచక సాగుతుంది. ఒకామె పడుచు, రెండవామె ముసలి అయితే పడుచామె ఆగి ఆగి వేయవలసినదే; లేకుంటే రోకలికి రోకలి తగులుతుంది. కంప్యూటరు ఆటలలో రెండు కార్డులను కలిపి వాడే పద్ధతి అచ్చంగా ఇటువంటిది. తెర మీద కదిలే బొమ్మ అంటే వెంటవెంట గీసి చూపే నిలకడ బొమ్మల వరుసే గదా. ఒక బొమ్మ మొదటి కార్డు గీస్తుంది, మరుసటిది రెండవ కార్డు గీస్తుంది. కొత్త కార్డు ఒక బొమ్మకు 10 మిల్లీసెకండ్లు, పాతది 30 మిల్లీసెకండ్లు తీసుకొంటుందనుకొందాము. బొమ్మలు వరుస తప్పకుండా తెరకెక్కవలె గనుక ప్రతి 30 మిల్లీసెకండ్లకూ రెండే తయారవుతవి. అదే కొత్త కార్డును ఒంటరిగా వదిలితే ఆ వ్యవధిలో మూడు గీసి ఉండేది! అంటే తోడు వచ్చినందువల్ల పని వెనుకబడినదన్నమాట.

జోడు రోకళ్ళ ఏర్పాటు ఈనాటిది కాదు. 1998లో త్రీడీఎఫ్ఎక్స్ అనే అమెరికా కంపెనీ తన వూడూ 2 కార్డులు రెండింటిని జతపరచే వీలు కల్పించినది. తెర మీది గీతలలో బేసివి ఒక కార్డు, సరివి రెండవ కార్డు వేసేవి. ఆ కంపెనీ చితికిపోగా దాని సొత్తును ఎన్విడియా కొన్నది, ఎస్.ఎల్.ఐ. అన్న ఆ పాత మూడక్షరాలనే 2004లో మళ్ళీ వాడుకలోకి తెచ్చినది. అయితే రెండు కార్డులలోనూ ఒకే రకపు చిప్పు ఉండి తీరవలెనని నియమం పెట్టినది. మరుసటి సంవత్సరం ఏటీఐ వారు తెచ్చిన క్రాస్‌ఫైర్‌లో కొంత సడలింపు ఉండేది. కవలలు కాకపోయినా దాయాదులైతే చాలునన్నట్లు. 2010 ప్రాంతంలో లూసిడ్ అనే ఇజ్రాయెల్ కంపెనీ హైడ్రా అనే చిప్పుతో బొత్తిగా వేరు వేరు కంపెనీల కార్డులనే కలపజూచినది. కొన్ని ఆటలలో కలిసినవి, కొన్నింటిలో కలియలేదు. ఆ చిప్పు బజారులో నిలువలేదు. పిమ్మట 2015లో విండోస్ 10తో పాటు వచ్చిన డైరెక్ట్ ఎక్స్ 12లో, రెండు కార్డులకూ పని పంచే బాధ్యత ఆట వ్రాసే వారికే అప్పగించారు. 2016లో విడుదలైన ఆషెస్ ఆఫ్ ది సింగ్యులారిటీ అనే ఆటలో ఏఎండీ కార్డు, ఎన్విడియా కార్డు పక్కపక్కన పనిచేసిన మాట నిజమే. కాని ఏ కొద్ది ఇళ్ళలోనో ఉండే ఏర్పాటు కోసం అంత శ్రమ పడే ఆట కంపెనీలు ఎన్ని ఉంటవి? 2021 జనవరి 1 నుంచి ఎస్.ఎల్.ఐ.కి కొత్త ఆటల అమరికలు చేర్చబోమని ఎన్విడియా వారే ప్రకటించారు. కాబట్టి ఆటల కోసమని రెండవ కార్డు అడిగే పిల్లలకు తల్లిదండ్రులు నిర్భయంగా కాదనవచ్చును. ఆ డబ్బుకు పాతది అమ్మగా వచ్చినది కలిపి కాస్త మంచి కార్డు ఒక్కటే కొనడం మేలు.

తెలివిగల పిల్లలు ఇక్కడ రెండు సంగతులతో ఎదురు రావచ్చును. ఒకటి ఫిజిక్స్. ఆటలో ఎగిరే రాళ్ళూ, పొగా, గుడ్డలూ ఎట్లా కదలవలెనో లెక్క కట్టే ఈ పనిని విడిగా ఒక పాత ఎన్విడియా కార్డుకు ఒప్పజెప్పే వీలు 2008 నుంచి ఉన్నది. 2025లో ఆ కంపెనీ 50 వరుస కార్డులు విడుదలైనప్పుడు పాత 32 బిట్ ఆటలకు ఆ సౌకర్యం లేకుండా పోగా, అటక మీది కార్డు దించి పక్కన బిగించి ఆడుకొన్నవారు ఉన్నారు. రెండవది లాస్‌లెస్ స్కేలింగ్ అనే చిన్న ప్రోగ్రాము. పెద్ద కార్డు గీసిన రెండు బొమ్మల నడుమ లేని బొమ్మలను ఊహించి గీయడం దీని పని. ఆ పనిని రెండవ కార్డుకు, అది ఏ కంపెనీదైనా సరే, అప్పగించవచ్చును. ఇవి రెండూ నిజమే. కాని ఇక్కడ కూడా రెండు కార్డులూ ఒకే రోటిలో దంచడం లేదు, ఎవరి రోలు వారిదేనని గమనించవలె.

ఇక మన సంఘ కార్యాలయపు కంప్యూటరు సంగతికి వస్తాము. దానిలో మొదటి నుంచీ ఉన్నది జీటీఎక్స్ 1050 టీఐ. 2016లో వచ్చిన రకం, 4 జీబీ మెమరీ. మొన్న ఒక సభ్యులు తమ కుమారుడు వాడి మానిన ఆర్‌టీఎక్స్ 3060ను సంఘానికి బహూకరించారు. అది 2021 నాటి రకం, 12 జీబీ. పాతదానిని అమ్మి ఆ డబ్బు కరెంటు బిల్లుకు జమ చేద్దామని కోశాధికారిగారు, ఉంచవలెనని కార్యదర్శిగారు. కార్యవర్గ సమావేశంలో ఈ ఒక్క విషయం మీద గడచిన సేపు చూస్తే వార్షికోత్సవపు ఖర్చు మీద కూడా అంత చర్చ జరిగినట్లు లేదు.

కార్యదర్శిగారి పట్టుదలకు కారణం క్యాసెట్లు. ఇక్కడ మూడు నాలుగు తరాలుగా స్థిరపడిన కుటుంబాలలోని పెద్దవారి మాటలు, పెళ్ళిపాటలు, ఊరు విడిచి వచ్చిన కథలు వెనుకటి కార్యవర్గాలవారు టేపుల మీద పట్టి ఉంచారు. వాటిని కంప్యూటరులోకి ఎక్కించడం పూర్తి అయినది. ఎక్కించినంత మాత్రాన సరిపోదు. వ్రాతలో పెడితేనే వెదుకుకొనడానికి వీలు. ఆ గొంతులలో చాలామంది ఇప్పుడు లేరు. ఇది ఫలానా అమ్మమ్మ గొంతు, ఈ మాటకు మా ఊళ్ళో ఇదీ అర్థం అని చెప్పగలవారు కూడా ఎనభై దాటినవారే. వారు ఉండగా జరగవలసిన పని ఇది.

చెవితో విని చేత్తో వ్రాయబోతే ఒక గంట టేపుకు ఒక పూట చాలదు. అందుచేత మన యువజన విభాగంవారు విస్పర్ అనే నమూనాను పనిలో పెట్టారు. ఓపెన్ ఏఐ అనే అమెరికా సంస్థ 2022లో దానిని ఉచితంగా విడుదల చేసినది. మాట విని వ్రాతగా మార్చడం దాని పని. తెలుగు కూడా వింటుంది. అన్నిటికంటె ముఖ్యం, మన ఇంటి పెద్దల మాటలు బయటి కంపెనీలకు పంపకుండా మన పెట్టెలోనే పని జరుగుతుంది. ఇందులో చిన్నా పెద్దా రకాలున్నవి. చిన్న నమూనాకు కార్డులో సుమారు 2 జీబీ మెమరీ కావలె, నడిమిదానికి 5, పెద్దదానికి 10. తెలుగుకు చిన్నది పనికిరాదు. అది వ్రాసినది చదివితే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పెద్దది కూడా తప్పులు చేయకపోలేదు. మాట నడుమ కన్నడం దొర్లితే తబ్బిబ్బు పడుతున్నది. మద్రాసు ఐ.ఐ.టి.లోని ఏఐ ఫర్ భారత్ బృందంవారు మన దేశ భాషల కోసం ప్రత్యేకంగా తీర్చిన నమూనాలను కూడా దీని పక్కన పెట్టి చూస్తున్నారు. ఏది వ్రాసినా మనిషి విని దిద్దవలసినదే. అయినా తెల్ల కాగితం నుంచి మొదలుపెట్టడం కంటె దిద్దడం తేలిక.

12, 4 కలిపితే 16 జీబీ అయినవి గదా అని కొందరు సంబరపడ్డారు. అట్లా కాదు. ఈ పనిలో నమూనా యావత్తూ ఒకే కార్డులో ఇమడవలె. పెద్ద నమూనా కొత్త కార్డులో పడుతుంది; పాతదానిలో నడిమిది కూడా పట్టదు. మరి పాతదాని వల్ల లాభమేమిటని కోశాధికారిగారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి అప్పగించిన పనులు రెండు. మొదటిది తెర. మానిటరు తీగ పాత కార్డుకే తగిలించడంతో విండోస్ తన కిటికీలకూ బొమ్మలకూ వాడుకొనే మెమరీ అంతా పాతదాని నుంచే పోతున్నది. కొత్తదాని 12 జీబీ చెక్కుచెదరకుండా నమూనాకు మిగులుతున్నది. ఒక టేపు అక్కడ నడుస్తుండగా, ముందు నడిచిన టేపును ఒకరు ఇక్కడే కూర్చుండి వింటూ దిద్దుకొనవచ్చును. తెర తడబడదు. రెండవది వీడియోలు. ఉగాది నాటకాల పాత వీహెచ్ఎస్ టేపుల నుంచి ఎక్కించిన వీడియోలు డిస్కులో కొండలా పడి ఉన్నవి. వీడియోను కుదించడానికి 1050 టీఐ చిప్పులోనే విడిగా ఒక భాగం ఉన్నది. ఎన్‌వెంక్ అని దాని పేరు. నాటకాలు అక్కడ, క్యాసెట్లు ఇక్కడ. ఒకదాని కోసం ఒకటి ఆగదు.

పనులు అప్పగించేటప్పుడు ఒక చిక్కు ఉన్నది. తెలియకపోతే తల బద్దలు కొట్టుకోవలసినదే. కార్డులకు 0, 1 అని నంబర్లుంటవి. కార్డుల స్థితి చూపే ఎన్విడియా వారి సాధనం స్లాటుల వరుసను బట్టి నంబరు వేస్తుంది. లెక్కలు చేసే కుడా పద్ధతిలో మాత్రం ఏది వేగమైనదో అదే 0. అందుచేత ఒక జాబితాలో 0 అయినది మరొక జాబితాలో 1 కావచ్చును. కుడా డివైస్ ఆర్డర్ అనే చోట పీసీఐ బస్ ఐడీ అని వ్రాసి పెడితే రెండు జాబితాలూ ఒకటవుతవి. మామూలు ప్రోగ్రాములకు ఇంత గొడవ లేదు. 2018 నుంచి విండోస్ 10లోనూ, ఇప్పటి విండోస్ 11లోనూ డిస్‌ప్లే సెట్టింగులలో గ్రాఫిక్స్ అన్న చోట ఏ ప్రోగ్రాము ఏ కార్డు మీద నడవవలెనో ఎన్నుకొనవచ్చును. ఒక్క హెచ్చరిక: ఆటలాడేవారు మాత్రం మానిటరును కొత్త కార్డుకే తగిలించవలె. లేకుంటే కొత్తది గీసిన ప్రతి బొమ్మా బోర్డు మీదుగా పాతదానికి ప్రయాణం చేసి తెర చేరవలసి వస్తుంది.

మెమరీ నిజంగా కలిసివచ్చే పని ఒకటున్నది. ప్రశ్నలకు జవాబులు వ్రాసే భాషా నమూనాలను ఇంటి కంప్యూటరులోనే నడుపుకొనే అలవాటు మన ఇంజనీరు పిల్లలలో పెరుగుతున్నది. లామా సీపీపీ అనే ఉచిత ప్రోగ్రాము నమూనాను పొరలు పొరలుగా విడదీసి, పెద్ద కార్డుకు ఎక్కువ, చిన్న కార్డుకు తక్కువ పంచుతుంది. 12 జీబీ నమూనా ఉన్నదనుకొందాము. కొంత చోటు ఇతర అవసరాలకు వదలవలె గనుక కొత్తదానిలో 9, పాతదానిలో 3 పెట్టారనుకొందాము. ఒక్కొక్క మాటముక్క పుట్టడానికి నమూనా అంతా ఒకసారి చదవబడవలె. 3060 మెమరీ సెకనుకు 360 జీబీ చదువుతుంది. 9 జీబీకి 25 మిల్లీసెకండ్లు. 1050 టీఐ మెమరీ సెకనుకు 112 జీబీయే. 3 జీబీకి దాదాపు 27 మిల్లీసెకండ్లు. చూచారా, బరువులో నాలుగవ వంతు మోసేవాడు దారిలో సగానికి పైగా సమయం తింటున్నాడు. అయినా వాడిని పంపివేయడం తెలివి కాదు. ఆ 3 జీబీ మామూలు ర్యాములో పెట్టవలసివస్తే, జోడుగా వేసిన డీడీఆర్4 3200 ర్యాము సెకనుకు 51 జీబీ మాత్రమే ఇస్తుంది. అప్పుడు 59 మిల్లీసెకండ్లు. ఈ ఒక్క చోట పాత కార్డు తన తిండి తాను సంపాదించుకొంటున్నది.

బొమ్మల సినిమాలు చేసేవారికీ రెండు కార్డులు ఉపయోగమే. బ్లెండర్‌లో సిస్టమ్ అమరికల కింద రెండు కార్డులకూ టిక్కు పెట్టవచ్చును గాని, దృశ్యం అంతా ప్రతి కార్డు మెమరీలోనూ విడివిడిగా పట్టవలె. అంతకంటె మంచి ఉపాయం, ఒకే ఫైలును రెండు మార్లు తెరచి, చెరొక కార్డు కేటాయించి, అవుట్‌పుట్‌లో ప్లేస్‌హోల్డర్స్ పెట్టి ఓవర్‌రైట్ తీసివేయడం. అప్పుడు ఒకటి పట్టిన ఫ్రేమును రెండవది ముట్టదు. వేగమైనది నాలుగు చేసేలోగా నిదానమైనది ఒకటి చేసినా, ఆ ఒకటీ లాభమే.

కొనబోయే వారు ముందుగా చూడవలసినది డ్రైవరు. 2007లో ఇళ్ళకు వచ్చిన విండోస్ విస్టాలో వేరు వేరు కంపెనీల కార్డులు కలిపి నడపడానికి వీలే ఉండేది కాదు. 2009లో విండోస్ 7 వచ్చిన తరువాత ఆ ఆటంకం పోయినది. ఇప్పుడు ఏఎండీ ఒకటి, ఎన్విడియా ఒకటి పెడితే దేని డ్రైవరు దానిదే. చిత్రమేమంటే రెండూ ఎన్విడియావే అయినప్పుడే చిక్కు ఎక్కువ. ఒకే డ్రైవరు రెండింటినీ ఎరిగి ఉండవలె. మా 1050 టీఐ పాస్కల్ తరానిది. ఆ తరం కార్డులకు 580 వరుస డ్రైవర్లే ఆఖరివి. 2025 అక్టోబరుతో కొత్త ఆటల డ్రైవర్లు నిలిచిపోయినవి, భద్రతా సవరణలు 2028 అక్టోబరు వరకు ఇస్తామన్నారు. 3060 కూడా 580 మీద నడుస్తుంది గనుక మాకు ఇబ్బంది లేదు. అంతకు మునుపటి కెప్లర్ తరం కార్డులు, జీటీ 710 వంటివి, 470 వరుస దగ్గరే ఆగిపోయినవి. ఎంత చవుకగా వచ్చినా కొత్త ఎన్విడియా కార్డు పక్కన పెట్టడానికి వాటిని కొనవద్దు.

తరువాత స్లాటు. రెండవ స్లాటు చూపుకు మొదటిదాని అంత పొడుగు ఉన్నా, చాలా బోర్డులలో లోపల పదహారు దారులకు బదులు నాలుగే ఉంటవి. కొన్ని బోర్డులలో ఎం.2 డిస్కు పెడితే ఆ స్లాటు బొత్తిగా మూగబోతుంది. బోర్డుతో వచ్చిన చిన్న పుస్తకంలో ఇది వ్రాసి ఉంటుంది. ఆ పుస్తకం పారవేసినవారు కంపెనీవారి సైటులో చూచుకొనవచ్చును.

కరెంటు సంగతి మరీ ముఖ్యం. స్లాటు ఇవ్వగలిగినది 75 వాట్లు. అంతకు మించి తాగే కార్డుకు ఎస్.ఎం.పి.ఎస్. నుంచి విడిగా తీగ రావలె. ఆరు పిన్నులదైతే మరి 75, ఎనిమిది పిన్నులదైతే 150. 1050 టీఐ 75 వాట్లతో సరిపెట్టుకొంటుంది గనుక చాలా రకాలకు విడి తీగ అక్కరలేదు. 3060కి 170 కావలె. 3060 ఒక్కదానికే 550 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్. ఉండవలెనని ఎన్విడియా వారి సలహా. రెండూ పెట్టినప్పుడు మంచి రకం 650 ఉంటే నిశ్చింత. తీగ చాలలేదని, హార్డ్ డిస్కులకిచ్చే సాటా తీగకు మార్పిడి ముక్క తగిలించి కార్డుకు కరెంటు ఇచ్చేవారు ఉన్నారు. ఆ కొస 12 వోల్టుల మీద 54 వాట్లకు మించి మోయలేదు. అది కాలితే పోయేది కార్డు ఒక్కటే కాదు.

కరెంటు ఖర్చు ఎంతవుతుందని గృహిణులు అడుగుతారు. 75 వాట్ల కార్డు రోజుకు ఎనిమిది గంటలు పూర్తి బరువు మీద నడిస్తే నెలకు 18 యూనిట్లు. వేడిమి మాట వేరే చెప్పాలి. రెండు కార్డులు ఒకదానికొకటి ఆనుకొని ఉంటే పైదాని ఫ్యాన్లకు గాలి ఆడదు. నడుమ కనీసం ఒక స్లాటు ఎడం ఉంచవలె. బెంగుళూరులో సరే, మే నెలలో చెన్నపట్నంలోనో యానాంలోనో ఉండేవారు క్యాబినెట్ ముందు భాగాన ఇంకొక ఫ్యాను పెట్టించుకోక తప్పదు.

కోశాధికారిగారు చివరకు ఒప్పుకొన్నారు. వీడియోల పని ముగిసిన నాడు ఆ కార్డును అమ్మే విషయం మళ్ళీ ఎత్తుతానని మినిట్సులో వ్రాయించారు కూడా. ప్రస్తుతం యంత్రం వ్రాసిన కాగితాలు దిద్దేవారి కంటె ముందు పరుగెత్తుతున్నవి. మన పెద్దల తెలుగు చెవికి అలవాటున్నవారు, ముఖ్యంగా పాత పెళ్ళిపాటలు తెలిసిన ఆడవారు, ఆదివారం ఉదయం పది గంటల నుంచి కార్యాలయానికి రావచ్చును. కంప్యూటరు తెలియనక్కరలేదు, మీట నొక్కడానికి పక్కన ఒక కుర్రవాడు ఉంటాడు. హెడ్‌ఫోన్లు రెండు జతలున్నవి.